దగ్గర్లో ఈవెంట్లు లేవు, ఏది పట్టుకోవాలో తెలీట్లేదు అన్నారు కదా, ముందు మీ రేవు దగ్గర ఒక ప్రశ్న పట్టుకోండి

మీరడిగింది మొదట రెండు ముక్కల్లో చెప్తానండి, మిగతావాళ్ళకి కూడా అర్థమవుద్ది. రాజోలు దగ్గర ఊరు, సచివాలయంలో ఉద్యోగం, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ, ఆదివారం పూర్తిగా ఖాళీ. కొత్తవి నేర్చుకోవాలని బాగా ఉంది. కానీ టెక్ ఈవెంట్లన్నీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అవుతున్నాయి, అంత దూరం వెళ్తే అక్కడోళ్ళ మధ్యలో ఏమీ అర్థం కాదేమో అని బెరుకు, పైగా రెండు నెలలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, రెండు నెలలు డ్రోన్లు, ఇప్పుడు ఏఐ అని మనసు మారిపోతోంది, ఏది పట్టుకుని కూర్చోవాలి అని. ఇదే కదండీ.

నేను భీమవరం పక్కన ఆక్వా ల్యాబ్‌లో చేస్తాను. రైతులు తెచ్చిన చెరువు నీళ్ళు టెస్ట్ చేసి రాసివ్వడం పని, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, డీఓ, ఇలాంటివి. పదిహేనేళ్ళు దాటింది. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ, కంప్యూటర్ ఎక్కడా నేర్చుకోలేదు. ఓ పన్నెండేళ్ళ నుంచి మాత్రం ఏడాదికి రెండు మూడైనా ఇలాంటి మీటప్‌లకీ, కాన్ఫరెన్సులకీ, ఓపెన్ డేలకీ, కిసాన్ మేళాలకీ వెళ్తూనే ఉన్నా. కాబట్టి నా చేతిలో అయిన సంగతే చెప్తాను.

మొదటిసారి హైదరాబాద్‌లో ఒక కాన్ఫరెన్సుకి వెళ్ళినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది టాకులు విన్నాను, ఇరవై పేజీలు నోట్సు రాశాను. ఇంటికొచ్చాక ఆ పుస్తకం తెరవలేదు. ఎందుకంటే అందులో ఉన్నవన్నీ వేరేవాళ్ళ సమస్యలకి వేరేవాళ్ళ జవాబులు, నాదంటూ ఒక్క ప్రశ్న లేదు, ఏది దేనికి తగిలించుకోవాలో తెలీలేదు. రెండో ఏడాదీ దాదాపు అంతే. ఆ తర్వాతే మారింది, ఎలా మారిందో కొంచెం వివరంగా చెప్పాలి, మీకు పనికొచ్చేది అదే.

రొయ్యల చెరువులో పగలు ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడనంత చిన్న నాచు లాంటిది, ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తది, రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున బురద అన్నీ కలిసి వాడేస్తాయి. అందుకని డీఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, తెల్లారుజామున సూర్యుడు రాకముందు బాగా పడిపోద్ది. రొయ్యలు పైకి తేలాయి అని రైతు గుండెలు బాదుకునేది ఆ టైమ్‌కే. కానీ మా ల్యాబ్‌కి నీళ్ళు వచ్చేది పొద్దున తొమ్మిదింటికి, అప్పటికి ఎండెక్కి డీఓ మళ్ళీ పెరిగిపోయి ఉంటది. మేం టెస్ట్ చేసి 'బాగానే ఉంది' అని రాసిచ్చేవాళ్ళం. తొమ్మిదింటికి వచ్చిన సీసా, నాలుగింటికి చెరువులో ఏం జరిగిందో ఎలా చెప్తది? ఇదండీ నా మొదటి ప్రశ్న. ఎవరూ అడగమనలేదు, జీతానికి సంబంధం లేదు, నిద్ర మాత్రం పట్టేది కాదు.

ఒక రాత్రి ఫ్రెండ్ చెరువు గట్టు మీద మకాంలో ఉండిపోయాను, సీసాలు, మందులు సంచిలో పెట్టుకుని. మేం చేసేది వింక్లర్ పద్ధతి, 1888లో లాయోష్ వింక్లర్ అనే ఆయన కనిపెట్టింది, ఇప్పటికీ దాన్ని మించి నమ్మకంగా ఉండేది తక్కువ. సీసా నీళ్ళలో ముంచి గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపాలి, మాంగనస్ సల్ఫేట్ వేయాలి, తర్వాత ఆల్కలైన్ అయొడైడ్ వేయాలి, మూత పెట్టి తిరగేసి కలిపితే లోపల మడ్డిలాగా కిందికి దిగుద్ది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగు, లేకపోతే తెల్లగానే ఉండిపోద్ది. తర్వాత యాసిడ్, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్, అంటే చుక్క చుక్కగా వేస్తూ కొలవడం, స్టార్చ్ వేశాక నీలం పోయే చోట లెక్క. రెండు గంటలకొక సీసా తీశాను. సాయంత్రం సీసాలో మడ్డి ముదురు గోధుమరంగులో ఉంది, రాత్రి గడిచేకొద్దీ పాలిపోతూ వచ్చింది, నాలుగున్నర సీసా దాదాపు పాల టీ రంగు. అన్నీ వరసగా టార్చిలైటు వెలుతురులో పెట్టి చూస్తుంటే ఆ చెరువు రాత్రంతా ఎలా ఊపిరి తీసుకుందో కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఏళ్ళ తరబడి చేసే టెస్టే, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

రోజూ గట్టు మీద పడుకోలేం కదా. మంచి డీఓ సెన్సార్ ధర నా వల్ల కాదు, ముందు టెంపరేచర్ అయినా రికార్డు చేద్దాం అనుకున్నా, ఎందుకంటే నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుద్ది, మంచినీళ్ళలో 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, డీఎస్18బీ20 అనే స్టీలు గొట్టం ఉన్న సెన్సార్ తెప్పించి, యూట్యూబ్ చూసి కలిపి, చెరువులో దింపాను. పనిచేసింది, 29, 29, 28.8 అని వస్తోంది, మధ్యలో ఉన్నట్టుండి 85. మళ్ళీ 28.7. మళ్ళీ 85. చెరువు నీళ్ళు 85 డిగ్రీలంటే రొయ్యలు ఉడికిపోవాలి. సెన్సార్ పాడైందని ఇంకోటి కొన్నాను, అదీ అంతే. నెల రోజులు దాంతోనే.

అప్పుడు ఒక శనివారం హైదరాబాద్‌లో హార్డ్‌వేర్ మీటప్ ఉందని తెలిసి, ఆ రీడింగుల పుస్తకం పట్టుకుని వెళ్ళాను. టాకుల్లో సగం అర్థం కాలేదు. టీ టైమ్‌లో పక్కన నిలబడ్డ ఇంజనీరింగ్ కుర్రాడికి పేజీ చూపించా. అతను చూసి చెప్పింది ఏంటంటే, 85 అనేది ఆ సెన్సార్‌కి కరెంటు రాగానే మెమరీలో ఉండే అంకె, ఇంకా కొలవకముందే చదివితే అదే ఇస్తది, 12 బిట్ల రీడింగుకి దానికి 750 మిల్లీసెకన్లు పడుద్ది. ఆగి, 'అంకుల్, ఈ 85లు ఏ టైమ్‌లో వస్తున్నాయి?' అని అడిగాడు. టైములు నా పుస్తకంలో ఉన్నాయి, ఇద్దరం చూశాం. రాత్రి తొమ్మిది, పన్నెండు, మూడు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆన్ చేసే టైములు అవే! మోటార్ స్టార్ట్ అవగానే వోల్టేజీ పడుతోంది, సెన్సార్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేస్తోంది, 85 అంటోంది. బోర్డుని ఏరేటర్ లైను నుంచి తీసేసి బ్యాటరీ మీద పెట్టి, సెన్సార్ దగ్గర ఒక కెపాసిటర్ వేశాను, పోయింది.

ఆ కుర్రాడు చెరువు ఎప్పుడూ చూడలేదంట, నేను ఆ డేటాషీట్ ఎప్పుడూ చదవలేదు. తర్వాత మా చుట్టూ ఏడెనిమిది మంది చేరారు, రాత్రి డీఓ గ్రాఫ్ చూపిస్తే ఒకాయన గంటసేపు ప్రశ్నలు అడిగాడు. బెరుకు అన్నారు కదా, ఆ రోజుతో నాకు పోయింది. చేతిలో మన సొంత రీడింగులు ఉంటే ఎంత పెద్దవాళ్ళయినా ఆగి వింటారండి, వాళ్ళకి కూడా అలాంటివి దొరకవు.

ఇప్పుడు మీ సంగతి. పైథాన్, డ్రోన్లు, ఏఐ అని మారిపోతున్నారని బాధపడుతున్నారు. అవి మూడూ పనిముట్లు. చేలో పని లేకుండా పార, కొడవలి, తాడు ఒక్కోటీ తీసి తిప్పి చూస్తుంటే ఏదైనా రెండు నెలల్లో విసుగొస్తది. మీది వశిష్ఠ గోదావరి ఒడ్డు కాబట్టి నేనొక ప్రశ్న ఇస్తాను, నచ్చితే తీసుకోండి: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరిగిన ఎన్ని గంటలకి మీ రేవు దగ్గర నీళ్ళు పెరుగుతాయి?

వరదలప్పుడు ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది మనకి చిన్నపిల్లలకి కూడా తెలుసు. టీవీలో చెప్తారు, కేంద్ర జలసంఘం వాళ్ళు ఆన్‌లైన్‌లో కూడా పెడతారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2022 జులైలో 25 లక్షలు దాటింది, మీ లంకల్లో ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళకి ఆ రోజులు గుర్తుంటాయి. కానీ ధవళేశ్వరం అంకె వేరు, మీ రేవు మెట్లు వేరు. మీ మెట్ల దగ్గర నీళ్ళు ఎప్పుడు ఎంత వచ్చాయో గంటల లెక్కన ఎవరి దగ్గరుంది చెప్పండి? పెద్దవాళ్ళకి అందాజుగా తెలుసు, రాసిపెట్టినవాళ్ళు తక్కువ. పైగా మీకు సముద్రం దగ్గర, పోటూ పాటూ ఉంటది, రోజుకి రెండుసార్లు, సుమారు పన్నెండున్నర గంటలకొకసారి, పున్నమికీ అమావాస్యకీ ఎక్కువ. వరదా పోటూ ఒకేసారి వస్తే ఏమవుద్ది? నాకైతే అడుగుతుంటేనే ఆత్రంగా ఉంది.

చూడండి, ఇందులో మీ మూడూ ఉన్నాయి. రీడింగులు గ్రాఫ్ వేయడానికి పైథాన్ కావాలి, దానికి వారం నేర్చుకుంటే చాలు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పైనుంచి చూడాలంటే డ్రోన్, అయితే 2021 డ్రోన్ రూల్స్ చదవకుండా ఎగరేయకండి, డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ ఏరియా ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, వరద టైమ్‌లో సహాయక చర్యలు జరుగుతుంటే అసలు వద్దు. రెండు మూడు సీజన్ల డేటా పోగయ్యాక ముందే అంచనా వేయగలమా అన్నప్పుడు మీ ఏఐ వస్తది. ముందు మాత్రం ఒక కర్ర, ఒక పుస్తకం.

ఈవెంట్ల దగ్గరికి వస్తే, మన దగ్గర లేవన్న మాట నేను ఒప్పుకోను. హ్యాకథాన్ అని బోర్డు ఉంటేనే ఈవెంటా? మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది, 1925లో పెట్టారు, ఎంటీయూ 7029 అనే స్వర్ణ బియ్యం అక్కడ పుట్టిందే, 1982లో విడుదలైంది. అక్కడ కిసాన్ మేళా పెట్టినప్పుడు వెళ్ళి ఒక శాస్త్రవేత్తని పట్టుకుని మీ లంకలో నీళ్ళు ఇన్ని రోజులు నిలుస్తాయి, ఏ వంగడం తట్టుకుంటది అని అడగండి, ఆయన చేలోకి తీసుకెళ్ళి చూపిస్తాడు. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం మీకు ఇంకా దగ్గర. ఫిబ్రవరి 28 నేషనల్ సైన్స్ డే, 1928లో రామన్ ఎఫెక్ట్ ప్రకటించిన రోజు, చుట్టుపక్కల కాలేజీల్లో ఎగ్జిబిషన్లు పెడతారు. అక్టోబర్ 4 నుంచి 10 దాకా వరల్డ్ స్పేస్ వీక్, శ్రీహరికోట షార్ వాళ్ళు రాష్ట్రంలో ఊరూరా ప్రదర్శనలు పెడుతుంటారు, రాకెట్ మోడల్ ముందు సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా అక్కడ నిలబడ్డ ఇంజనీర్‌తో మాట్లాడండి, పిల్లలే అడుగుతారు పెద్దవాళ్ళు అడగరు అని వాళ్ళు కూడా చూస్తుంటారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఒకసారి చూసే ఉంటారు, మీ ప్రశ్న మనసులో పెట్టుకుని ఇంకోసారి వెళ్ళండి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశారు, ఇప్పుడున్న బ్యారేజీ 1982లో వచ్చింది, ఆ మోడళ్ళు చూస్తుంటే ఈసారి వేరేగా కనపడతాయి.

హైదరాబాద్ కూడా వెళ్ళాలి, కాకపోతే ఏడాదికి ఒకటి రెండు చాలు. మీరు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వచ్చేస్తే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉంది, శనివారం సెలవు పెట్టుకుంటే ఆ రోజు తెల్లారేసరికి అక్కడుంటారు, ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం డ్యూటీకి వచ్చేస్తారు, నేను అలాగే చేస్తాను. పైకాన్ ఇండియా అని పైథాన్ వాళ్ళ పెద్ద కాన్ఫరెన్సు 2009లో బెంగళూరులో మొదలైంది, 2023లో హైదరాబాద్‌లో పెట్టారు. ఇలాంటి పెద్ద వాటిల్లో టాకులు తర్వాత యూట్యూబ్‌లో వస్తాయి, కాబట్టి అక్కడిదాకా వెళ్ళి నాలుగు హాళ్ళ మధ్య పరిగెత్తొద్దు, రెండు టాకులు విని మిగతా టైమంతా బయట మనుషులతో గడపండి. లైట్నింగ్ టాక్ అని ఐదు నిమిషాలు ఎవరైనా మాట్లాడే అవకాశం ఇస్తారు, పేరు రాయించుకోండి, ఇంగ్లీష్ తడబడినా పర్లేదు, గ్రాఫ్ ఒకటి చూపించండి చాలు. సెప్టెంబర్ 26 కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ఫౌండేషన్ డే, ఆ రోజుల్లో హైదరాబాద్‌లో దాని కింద ఉన్న సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి ల్యాబుల్లో ఓపెన్ డే పెడతారు, మామూలు జనాన్ని లోపలికి రానిస్తారు. నేను పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. మా ఇంట్లోవాళ్ళు ఈ తిరుగుడికి ఒప్పుకోవడం మొదలైంది కూడా ఆ రోజు నుంచే, ఇంట్లో వాళ్ళని కూడా అప్పుడప్పుడు తీసుకెళ్ళండి, లేకపోతే ఆదివారాలు మీవి కావు.

ఒక జాగ్రత్త. ఒకసారి రెండు రోజుల ఐఓటీ (సెన్సార్లని ఇంటర్నెట్‌కి కలపడం) వర్క్‌షాప్ అని ఆరువేలు కట్టాను. కిట్ ఇస్తామన్నారు, కిట్ సీలు విప్పలేదు, రెండు రోజులూ స్లైడ్లే, చివర్లో సర్టిఫికెట్ మాత్రం రంగురంగులది. ఇప్పటికీ ఆ డబ్బులు గుర్తొస్తే బాధేస్తది, ఎందుకంటే నాతోపాటు కూర్చున్నవాళ్ళలో అప్పు చేసి కట్టిన స్టూడెంట్లు ఉన్నారు. కట్టేముందు మాట్లాడేవాళ్ళ పేర్లు, టాపిక్‌లు పెట్టారా, పోయినేడాది వీడియోలు ఉన్నాయా, చేత్తో ఏం చేయిస్తారు అని మెయిల్ పెడితే జవాబిస్తున్నారా, ఈ మూడూ చూసుకోండి. వాలంటీర్లు నడిపే మీటప్‌లు చాలావరకు ఫ్రీ, మంచి మనుషులు దొరికేది కూడా అక్కడే.

కోడింగ్ మీద మనసు లేనివాళ్ళు కూడా ఈ ప్రశ్న చదువుతుంటారు, వాళ్ళకి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, ఎడిటథాన్లు అని అందరూ కలిసి పేజీలు రాసే కార్యక్రమాలు పెడుతుంటారు, మీ ఊరి పేజీ తెరిచి చూడండి, ఎన్ని ఖాళీలున్నాయో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని అందరూ కలిసి గీసే మ్యాప్ ఉంది, అందులో మన పంటకాలువ వేరు, మురుగు డ్రెయిన్ వేరు అని చాలాచోట్ల సరిగ్గా గుర్తు పెట్టలేదు. డెల్టాలో పంటకాలువ మెరక మీదుగా వెళ్తది, డ్రెయిన్ పల్లంలో వెళ్తది, ఊళ్ళో పుట్టినవాడికి చూడగానే తెలుస్తది, శాటిలైట్ ఫొటో చూసి బెంగళూరులో కూర్చుని గీసేవాడికి తెలీదు. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు పక్షుల లెక్క జరుగుద్ది, పదిహేను నిమిషాలు నిలబడి చూసినవి ఈబర్డ్ అనే పక్షుల లెక్కల సైట్‌లో ఎక్కించడమే, కోరంగి మడ అడవులూ కొల్లేరూ పెట్టుకుని మనం చేయకపోతే ఎవరు చేస్తారండీ.

మనసు మారడం గురించి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మారొచ్చు, కానీ వదిలేసేముందు ఒక పేజీ రాయాలి, ఏం చేశాను, ఎక్కడ ఆగింది, మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏం కావాలి అని. ఈవెంట్ నుంచి వచ్చాక కూడా అంతే, ఏడు రోజుల్లోపు విన్నదాంట్లో ఒక్కటి చేత్తో చేసి చూడాలి, చేయలేకపోతే మళ్ళీ అలాంటి ఈవెంటుకి డబ్బులు పెట్టను. మూడేళ్ళ కింద రేడియో మీద మోజుపడి వదిలేశాను, ఆ పేజీ ఉండబట్టి పోయిన సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ అక్కడి నుంచే ఎత్తుకున్నాను.

నెలలో రెండో ఆదివారం సాయంత్రం మా ల్యాబ్ మేడ మీద ఐదారుగురం కూర్చుంటాం, పేరూ లేదు ఫీజూ లేదు. ఒక పాలిటెక్నిక్ మాస్టారు, ఒక మెకానిక్, ఇద్దరు రైతులు, ఒక డిగ్రీ అమ్మాయి. ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకుంటారు, ఈ నెల ఏం కొలిచారు, ఎక్కడ ఆగింది, అంతే మాట్లాడేది. మీ ఊళ్ళో ముగ్గురు దొరికినా మొదలుపెట్టేయండి, అప్పటిదాకా మా దగ్గరికి రండి, మెసేజ్ పెడితే దారి చెప్తాను.

వచ్చేటప్పుడు రీడింగులతో రండి. కర్ర పాతేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, బురదలో పాతిన కర్ర వరదకి కదిలిపోద్ది, కొట్టుకుపోద్ది కూడా, అప్పుడు రాసిన అంకెలన్నీ వృథా. అందుకని కర్ర బదులు రేవు మెట్లలో పై మెట్టు అంచు మీద పెయింటుతో ఒక గీత పెట్టండి, అక్కడి నుంచి కిందికి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో టేపుతో కొలవండి. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, పక్కన తిథి కూడా రాయండి. వరద రోజుల్లో గంటకొకసారి, అదీ గట్టు మీద నుంచి మాత్రమే, ఒక్కరే దిగొద్దు. నీళ్ళు ఆ గీత దాటి పైకొస్తే ముందు ఇంట్లోవాళ్ళ సంగతి చూసుకోండి, రీడింగ్ తర్వాత గోడ మీద తడి చార చూసి రాసుకోవచ్చు.